పెరటి తేనెటీగలు - పంచాయతీ చేయదగిన సాయము

(ధరణికోటలో గ్రామపంచాయతీ సభ్యుల ఎదుట చేసిన ప్రసంగ పాఠము)



తేనెటీగల పెంపకమును గూర్చి నాలుగు మాటలు చెప్పుటకు మేము వచ్చితిమి. పెరటిలో ఒకటి రెండు పెట్టెలు పెట్టుకొని తీరిక వేళలలో చూచుకొనువారి పనికి పంచాయతీ సభ్యులను సమావేశపరచవలెనా అని మీలో కొందరికి తోచవచ్చును. ఒక చిన్న లెక్క చూడుడు. మన దేశపు తేనెటీగ మేతకొరకు గూటినుండి సుమారు ఒక కిలోమీటరు దూరమువరకు పోవును. పెట్టెను నడుమనుంచి కిలోమీటరు పొడవు త్రాటితో చుట్టును గీత గీసినచో, ఆ గీతలోపల సుమారు 775 ఎకరముల భూమి వచ్చును. పెట్టె ఒకరిది; ఆ 775 ఎకరములు ఎందరివో. ఈగకు సర్వేరాళ్లు తెలియవు. పెంచువాడు ఎంత శ్రద్ధ కలవాడైనను, ఆ వలయములో ఎక్కడనో ఒక రైతు పూతమీదనున్న పైరుపై ఉదయము తొమ్మిది గంటలకు పురుగుమందు చల్లినచో, మధ్యాహ్నమునకు పెట్టెముందు చచ్చిన ఈగలు కుప్పలుగా పడియుండును. కావున ఇది ఒక ఇంటి పనివలె కనిపించినను ఊరిపనియే. ముందు పెట్టెను ఎట్లు చూచుకొనవలెనో చెప్పి, పిమ్మట ఊరు ఏమి చేయవలెనో చెప్పెదము.

ధరణికోట యనగానే శాతవాహనులు జ్ఞప్తికి వత్తురు. 1962 మొదలు 1965 వరకు ఇచ్చట జరిగిన త్రవ్వకములలో కృష్ణనుండి పడవలు వచ్చుటకు ఏర్పరచిన కాలువయు, రేవుకట్టయు బయల్పడినవి. ఆ చరిత్ర మీకు మేము చెప్పవలసినది కాదు. మాకు ఈనాడు కావలసినది ఈ ఊరి పూత. నల్లరేగడిలో ప్రత్తి, మిరప; అక్కడక్కడ కంది, మినుము, మొక్కజొన్న; పెరళ్లలో మునగ, జామ, కొబ్బరి; గట్లమీద వేప, తుమ్మ, రేగు; బాటల ప్రక్కన కానుగ, చింత. తేనెటీగకు ఇది చెడ్డ ఊరు కాదు. కాని ప్రత్తి, మిరప పండు ఊరనగా మందులు ఎక్కువగా చల్లు ఊరని అర్థము. ఈ రెండు సంగతులను కలిపియే ఆలోచింపవలెను.

మనకు తెలిసిన తేనెటీగలు నాలుగైదు రకములు. ఎత్తైన చెట్లకు, నీటి ట్యాంకులకు, గోపురములకు ఒకే ఒక పెద్ద పట్టును వ్రేలాడదీయునది కొండతేనెటీగ. దానిని పెట్టెలో పెట్టుట ఎవరికిని సాధ్యము కాలేదు. పొదలలో అరచేయంత పట్టు పెట్టు చిన్న తేనెటీగయు పెంపకమునకు లొంగదు. చెట్టు తొర్రలలో, పుట్టలలో, పాతగోడల సందులలో, చీకటిలో ప్రక్కప్రక్కగా అనేక పట్టులు పెట్టునది పుట్టతేనెటీగ. మన పూర్వులకు తెలిసిన ఈ ఈగయే పెట్టెకు అలవాటుపడును. ఇదిగాక, ఐరోపానుండి తెచ్చిన జాతి ఒకటి కలదు. 1962లో నాటి పంజాబులోని నగ్రోటాలో దానిని మన దేశమున మొదటిసారిగా నిలద్రొక్కుకొనునట్లు చేసిరి. అది పుట్టతేనెటీగకంటె మూడు నాలుగు రెట్లు అధికముగా తేనె నిచ్చును. కాని మేత తగ్గినప్పుడు పెట్టెలను లారీలలో పొద్దుతిరుగుడు, ఆవ, కొత్తిమీర చేలున్న చోట్లకు తరలింపవలెను. అది వృత్తిగా చేయువారికి తగును. రెండు పెట్టెలతో పెరటిలో పెంచుకొనువారికి పుట్టతేనెటీగయే మేలని మా అభిప్రాయము. ఈ ఎండలకు, ఈ పూతకు అది పుట్టినది. దాని తేనె ఏడాదికి పెట్టెకు ఐదు పది కిలోలు మించకపోవచ్చును. పెట్టె పెట్టిన ఏడాదికే ధనవంతులగుదురని చెప్పువారి మాట నమ్మవలదు. ఇంటికి చాలినంత తేనె, ఇరుగుపొరుగులకు పంచుటకు కొంత, అమరేశ్వరుని పంచామృతమునకు కల్తీలేని చెంచాడు తేనె - ఇంతమాత్రము నిశ్చయముగా చెప్పగలము.

తేనె మాట వచ్చినది కనుక ఇంకొక విషయము. పుట్టిన బిడ్డ నాలుకకు తేనె రాచు ఆచారము మన ఇండ్లలో కలదు. ఏడాది నిండని బిడ్డకు తేనె పెట్టరాదని నేటి వైద్యులు ఖండితముగా చెప్పుచున్నారు. తేనెలో అరుదుగా నుండు ఒక సూక్ష్మజీవి పెద్దలను ఏమియు చేయదు గాని, పసికందుల ప్రేగులలో పెరిగి నరములను పట్టివేయు విషమును పుట్టించును. స్వచ్ఛమైన తేనెయైనను ఇంతే. ఈ మాట అంగన్‌వాడీ కార్యకర్తలు ఇంటింట చెప్పవలెను.

ఇక పెట్టెలోని సంసారము. అందు రాణి ఒక్కటియే. గుడ్లు పెట్టుట తప్ప దానికి వేరు పనిలేదు. కూలి ఈగలు వేలకొలది, అవన్నియు ఆడవియే. మగ ఈగలు కొన్ని వందలు. పూత బాగుగా నున్న కాలమున మాత్రమే వానిని ఉండనిత్తురు, కరవు రాగానే కూలి ఈగలు వానిని వెలుపలికి గెంటివేయును. గుడ్డునుండి రాణి సుమారు 16 దినములకు, కూలి ఈగ సుమారు మూడు వారములకు, మగ ఈగ సుమారు 24 దినములకు వెలువడును. కూలి ఈగ మొదట గదులు తుడుచును, పిల్లలకు మేత పెట్టును, మైనము కట్టును, వాకిట కావలి కాచును. ఆ తరువాతనే పొలమునకు పోవును. పనికాలమున దాని ఆయువు ఆరు వారములు మాత్రమే. మేత దొరికిన దిక్కును, దూరమును నాట్యముచేసి తోడి ఈగలకు తెలుపును. ఈ సంగతిని వెల్లడించిన ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు కార్ల్ ఫాన్ ఫ్రిష్‌కు 1973లో నోబెల్ బహుమానము లభించినది. మనకు దీనివలన తెలియవలసినదేమనగా, ఒక్క ఈగకు మంచి చేను కనిపించినచో కొద్దిసేపటికి పెట్టెలోని వందలకొలది ఈగలు ఆ చేనికే పోవును. ఆ చేనిలో ఆ ఉదయమే మందు చల్లియున్నచో ఏమగునో వేరుగా చెప్పనక్కరలేదు.

పూర్వము తేనె తీయుటయనగా పొగబెట్టి, పట్టు కోసి, పిల్లలతో సహా పిండుటయే. తేనెతోపాటు సంసారము నాశనమగుచుండెను. 1851లో అమెరికాలో లాంగ్‌స్ట్రాత్ అను మతగురువు ఒక సూక్ష్మమును గ్రహించెను. పట్టుల నడుమ ఈగ నడచుటకు చాలునంత సందు, అనగా సుమారు 8, 9 మిల్లీమీటర్లు, విడిచినచో ఈగలు దానిని పూడ్చక బాటగా నుంచుకొనును. ఈ సందును పాటించి అమర్చిన చట్రములను ఒక్కొక్కటిగా పైకి తీయవచ్చును, చూడవచ్చును, మరల పెట్టవచ్చును. దీనినిబట్టి మన చిన్న ఈగకు తగిన పెట్టెను 20వ శతాబ్ది రెండవ దశకములో తిరుచిరాపల్లి ప్రాంతమున ఫాదర్ న్యూటన్ రూపొందించెను. దక్షిణదేశమున నేటికిని న్యూటన్ పెట్టె అను పేరుతో అది వాడుకలో నున్నది. క్రింద పిల్లల గది, అందు ఏడు చట్రములు, పైన తేనె గది, అందును ఏడు చట్రములు, అడుగుపలక, పైకప్పు. ఊరి వడ్రంగి చేయగలడు. కాని కొలతలలో ఒక్క నూలుపోగు తేడా వచ్చినను ఈగలు చట్రములను గోడకు అంటించివేయును. కావున మొదటి పెట్టెను కొని తెచ్చి, దానిని నమూనాగా వడ్రంగికిచ్చుట మంచిది. వాసనగల రంగులు, క్రొత్త వార్నీషు లోపల పూయరాదు.

ఈగలను సంపాదించుటకు రెండు మార్గములు. పెంచుచున్నవారివద్ద నాలుగైదు చట్రముల సంసారమును కొనుట సులభము. లేనిచో తొర్రలోని పట్టును తెచ్చి పెట్టెలో చేర్చవచ్చును. పూత నిండుగానున్న చలికాలపు దినములలో, సాయంకాలము, కొద్దిగా పొగవేసి, పట్టులను ఒక్కొక్కటిగా కోసి, పిల్లలున్న పట్టులను చట్రములకు అరటినారతో కట్టి పెట్టెలో అమర్చవలెను. తేనెపట్టులను పెట్టెలో పెట్టరాదు. తేనె కారి చీమలు పట్టును. రాణి లోపలికి వచ్చినచో తక్కిన ఈగలు తామే వచ్చును. రాణి కంటబడకపోయినను, ఈగలు వాకిట నిలిచి తోకలెత్తి రెక్కలు విసరుచున్నచో అది లోపలనే యున్నదని సాధారణముగా గ్రహింపవచ్చును. వారము దినములు ప్రతి సాయంకాలము కొద్దిగా పంచదార పానకమీయవలెను. నారను ఈగలే కొరికి పారవేయును.

పెట్టె పెట్టు చోటు విషయమున చాలమంది అశ్రద్ధ చేయుదురు. పల్నాటి ఎండ మీకు తెలియనిది కాదు. వేసవిలో మైనము మెత్తబడి పట్టు జారిపోవును. వేపచెట్టు నీడ శ్రేష్ఠము. లేనిచో గడ్డిపందిరి వేయవలెను, పెట్టెపై తడిగోనె కప్పవలెను. వాకిలి తూర్పునకు ఉన్నచో ఈగలు పెందలకడ పనికిపోవును. నాలుగు కాళ్ల బల్లపై పెట్టి, కాళ్లక్రింద నీటి మూకుళ్లు ఉంచినచో చీమలు ఎక్కవు. మూకుళ్లలో నీరు ఎండిపోయిన ఒక్కరాత్రి చాలును, చీమలు పెట్టెను ఖాళీ చేయుటకు. పశువులను కట్టు చోటికి, పిల్లలు ఆడుచోటికి, వీధిదీపముల వెలుగునకు దూరముగా నుంచవలెను. దాపున ఒక తొట్టిలో శుభ్రమైన నీరుంచి, అందు గులకరాళ్లు వేయవలెను. లేనిచో ఈగలు మునిగి చచ్చును. తొట్టి లేనిచోట ఈగలు పొరుగింటి కుళాయివద్ద, పశువుల కుడితివద్ద ముసురును. తగవులు అక్కడనే పుట్టును.

పెట్టెను ప్రతిదినము విప్పి చూడవలెనన్న కోరిక క్రొత్తవారికి కలుగుట సహజము. అది మంచిది కాదు. పూతకాలమున వారము పదిదినములకొకసారి, తక్కిన కాలమున పక్షమునకొకసారి చాలును. ఎండ మరీ ముదురకముందు, గాలివాన లేని పూట, రెండు దమ్ముల పొగ వాకిట వదలి, పెట్టె వెనుక నిలుచుండి నెమ్మదిగా మూత తీయవలెను. చట్రమును నిలువుగా పైకెత్తి, పెట్టెమీదనే పట్టుకొని చూడవలెను. రాణి క్రిందపడినను పెట్టెలోనే పడును. రాణినే వెదకుచు పెట్టెనంతయు కెలకనక్కరలేదు. గదుల అడుగున నిలువుగా తెల్లని గుడ్లు కనిపించినచో గడచిన మూడు దినములలో రాణి అచ్చటనున్నదని తెలియును. అంతటితో మూత వేయవచ్చును. ఆ చూచిన సంగతిని, తేదీతో, ఒక నోటుపుస్తకమున వ్రాసికొనుట అలవాటు చేసికొనవలెను. రెండు పెట్టెలున్నచో ఒకదానితో నొకటి పోల్చి చూడవచ్చును. అందుచేతనే ఒక్క పెట్టెకంటె రెండు పెట్టెలు మేలని మేము చెప్పుదుము.

ఈగ కుట్టుట సంగతి. కుట్టినవెంటనే ముల్లును గోటితో గీకి తీసివేయవలెను. ఆలసించినకొలది విషము ఎక్కువ దిగును. సాధారణముగా వాపు ఒకటి రెండు దినములలో తగ్గును. ముఖము ఉబ్బి, ఒడలంతయు దద్దురులు లేచి, ఊపిరి ఆడనిచో ఒక్క నిమిషము జాగుచేయక ఆసుపత్రికి చేర్చవలెను. అట్టి శరీరతత్త్వము కలవారు ఈ పని పెట్టుకొనరాదు.

ఏడాది పొడవున పెట్టె ఒకే తీరున నుండదు. శీతకాలమున కంది, కొత్తిమీర, ప్రత్తి పూతలతో పుంజుకొనును. మార్చి, ఏప్రిల్ నెలలలో వేప, కానుగ పూచును, తరువాత చింత. ఎండలు ముదిరి పూత తగ్గిన దినములలోను, ముసురు పట్టి ఈగ కదలలేని దినములలోను కరవు. ఆ కాలమున కిలో పంచదారకు లీటరు నీరు చొప్పున కాచి చల్లార్చిన పానకమును, వారమునకు పావులీటరు చొప్పున, సాయంకాలము, పెట్టెలోపలనే ఈయవలెను. పగటిపూట ఇచ్చినను, వెలుపల ఒలికినను ఇతర గూళ్ల ఈగలు దోపిడికి వచ్చును. తేనె గదిలో తేనె చేరు కాలమున మాత్రము పానకము ఈయనే రాదు. ఇచ్చినచో గదిలో చేరునది తేనె కాదు, పంచదార. అట్టిదానిని తేనెయని అమ్ముట మోసమే.

పుట్టతేనెటీగకున్న పెద్ద చిక్కు, అది నిలకడ తక్కువది. ఆకలియైనను, చీమలు పట్టినను, ఎండ తగిలినను, ఎక్కువ కెలికినను పెట్టె విడచి లేచిపోవును. ఇది గాక, బలము ఎక్కువైనప్పుడు సగము ఈగలు పాతరాణితో వేరు కాపురము పోవును. పట్టు అడుగంచున వ్రేలాడు పెద్ద గదులు, అనగా రాణిగదులు, దానికి ముందు గుర్తు. అవి కనబడగానే రెండు మూడు చట్రములను ఈగలతోసహా ఒక రాణిగదితో రెండవ పెట్టెకు మార్చినచో రెండు సంసారములగును. క్రొత్త రాణి గుడ్లు పెట్టువరకు ఆ పెట్టెను కదపరాదు.

తేనెను ఎప్పుడు తీయవలెనో ఈగలే చెప్పును. పూలలోని మకరందమున సగమో అంతకుమించియో నీరుండును. ఈగలు దానిని రెక్కలతో విసరి, నీరు సుమారు ఐదవవంతునకు తగ్గగానే గదికి మైనపు మూత వేయును. చట్రమున ముప్పాతిక భాగము మూతపడిన పిమ్మట తీసిన తేనె పులియదు. తొందరపడి తీసినది సీసాలో నురుగు పట్టును. తేనెను పై గదినుండి మాత్రమే తీయవలెను. మైనపు మూతలను కత్తితో చెక్కి, చట్రములను యంత్రమున పెట్టి త్రిప్పినచో తేనె గోడలకు చిమ్ముకొని క్రిందకు దిగును, పట్టు చెడదు. ఆ పట్టునే మరల పెట్టెలో పెట్టవచ్చును. ఆ యంత్రము ఏడాదిలో మూడు నాలుగు దినములు మాత్రమే కావలసివచ్చును. ప్రతి ఇంటివారు కొనుట దండుగ. పది పన్నెండుమంది పెంచువారు కలసి ఒకటి కొనవచ్చును, లేదా మహిళా సంఘము కొని అద్దెకీయవచ్చును. పిల్లల గదిలోని తేనెను ముట్టరాదు. అది ఈగల గాదె.

శత్రువులలో మైనపు పురుగు మొదటిది. బలహీనమైన పెట్టెలలో, పాతబడిన నల్లని పట్టులలో అది గూళ్లు అల్లును. అడుగుపలకను తరచు తుడిచి, ఖాళీ పట్టులను తీసివేసి, ఈగలు పట్టులను నిండుగా కప్పియుండునట్లు చూచినచో అది చేరదు. రోగములలో భయంకరమైనది థాయి సంచి రోగము. పిల్లపురుగు నీళ్ల సంచివలె ఉబ్బి చచ్చును. 1991, 92 సంవత్సరములలో ఇది దక్షిణదేశమున వ్యాపించి కర్ణాటక, తమిళనాడు, కేరళలలో అత్యధిక సంఖ్యాకములైన పెట్టెలను ఖాళీ చేసినది. వైరసు రోగమగుటచే దీనికి మందు లేదు. రోగము సోకిన పట్టులను తగులబెట్టి, పెట్టెను శుభ్రపరచి, తట్టుకొని నిలిచిన సంసారములనుండియే క్రొత్తవానిని పెంచవలెను. ఎక్కడినుండియో చౌకగా వచ్చు పెట్టెలను పరీక్షింపక కొనరాదనుటకు ఇదియే కారణము.

ఇక ముఖ్య విషయమునకు వత్తుము. చీమలు, పురుగులు, రోగములు - వీనినన్నిటిని పెంచువాడు తన శ్రద్ధతో కొంతవరకు ఆపగలడు. పురుగుమందును ఆపలేడు.

మీకందరకు 2021 జ్ఞాపకమున్నది. ఆ ఏడు మిరపపై నల్ల తామరపురుగు విరుచుకుపడినది. అది ఆకుమీదకంటె పూవులోనే ఎక్కువగా నుండును. అందుచే రైతు పూవునే గురిచేసి చల్లెను. ఒక మందు పనిచేయలేదని మరియొకటి, రెండు కలిపి మూడవది. పురుగు తగ్గకపోగా ఎందరో రైతులు తోటలను పీకివేసిరి. అప్పులలో నున్న రైతును మేము తప్పుపట్టుట లేదు. చేను చచ్చిపోవుచున్నప్పుడు ఈగలను తలచుకొనుమని చెప్పుట సులభము కాదు. అయినను ఒక సంగతి గమనింపుడు. ఆ పూవులోని శత్రువు చావలేదు. ఆ పూవునకు వచ్చు మిత్రుడు చచ్చినాడు. తామరపురుగునకు నీలిరంగు జిగురు అట్టలు, వేపనూనె, చేనిచుట్టు జొన్న, మొక్కజొన్న వరుసలు శాస్త్రజ్ఞులు సూచించినవియే. దగ్గరనే లాం పరిశోధనా స్థానమున్నది. మందుల దుకాణదారుని సలహాకంటె ముందు వారి సలహా తీసికొనుట మేలు.

ఈగవలన తనకేమి లాభమని ప్రత్తిరైతు అడుగవచ్చును. ఉన్నమాట చెప్పవలెను. ప్రత్తి, మిరప చాలవరకు తమ పుప్పొడితోనే కాయకట్టును. ఈగలు తిరిగినచో కొంత మేలు కలదు గాని, లేకున్న పంట పోదు. కాని దోస, గుమ్మడి, పుచ్చ, కాకర - వీనికి మగపూవు వేరు, ఆడపూవు వేరు. ఈగ రానిచో పిందె మాడి రాలును. పొద్దుతిరుగుడు, కొత్తిమీర, ఉల్లివిత్తనము సంగతియు అట్టిదే. పెరటి పాదుకు పిందె నిలుచుట లేదని ఆడవారు చెప్పునప్పుడు ఎరువు తక్కువైనదా అని చూతుము. ఈగ వచ్చుచున్నదా అని కూడ చూడవలెను.

మందు చల్లక తప్పనప్పుడు ఏమి చేయవలెను? ప్రత్తిపూవు ఉదయము లేతపసుపుగా విచ్చును, మరునాటికి గులాబిరంగు తిరుగును. ఈగలకు పని ఉన్నది ఉదయము విచ్చిన పూవుతోనే. పొద్దుక్రుంకు వేళకు ఈగలు ఇల్లు చేరును. కావున సాయంకాలము చల్లినచో రాత్రికి మందు ఆరి, నేరుగా తగులుట తగ్గును. డ్రోనులతో చల్లించువారికి ఈ నియమము మరింత అవసరము. పైనుండి పడు సన్నని తుంపరలు గాలికి ప్రక్క చేలమీదికి కొట్టుకొనిపోవును.

సాయంకాలము చల్లినచో అంతయు క్షేమమని మాత్రము తలంపరాదు. ఇమిడాక్లోప్రిడ్, థయామిథాక్సామ్ వంటి మందులు మొక్క రసములో కలిసి మకరందమునకు, పుప్పొడికి చేరును. ఈ రెండింటిని, వానితోపాటు క్లోథయానిడిన్‌ను, బయటి పొలములలో వాడరాదని ఐరోపా సమాఖ్య 2018లో నిషేధించినది తేనెటీగల కొరకే. మన దేశమున అవి వాడుకలోనే యున్నవి. పూతదశకు ముందే వానిని ఆపివేయుట మన చేతిలోని పని. మరియొక పొరపాటు గూడ వాడుకలో నున్నది. డబ్బామీది త్రికోణపు రంగును చూచి, ఎరుపు కాదు గనుక ఇది మెత్తని మందు అనుకొందురు. ఆ రంగు మనిషికి గల ప్రమాదమును తెలుపునదే గాని ఈగకు గల ప్రమాదమును తెలుపదు. మనిషికి ఎరుపుకంటె తక్కువ ప్రమాదమని పసుపు, నీలి గుర్తులు వేసిన మందులలో ఈగలను వెంటనే చంపునవి కలవు. కావున గుర్తు చూచి ఊరుకొనక, దానితోనిచ్చు కాగితమును చదివించుకొనవలెను.

ముందుగా తెలిసినచో పెంచువాడు తన జాగ్రత్త తాను పడగలడు. చల్లు దినమునకు ముందురాత్రి ఈగలన్నియు చేరిన పిమ్మట వాకిటికి జల్లెడరేకు బిగించి, పెట్టెను నీడలో నుంచి, తడిగోనె కప్పి, లోపల పానకముంచినచో ఒక పగలు ఆపవచ్చును. రెండవనాడు ఆపుట ప్రాణాంతకము. వేసవిలో ఒక పూటయు కష్టమే. పలుదినములు చల్లు పని ఉన్నచో పెట్టెను రాత్రివేళ నాలుగైదు కిలోమీటర్ల ఆవలికి తరలింపవలెను. ఇవన్నియు ముందుగా తెలిసినప్పటి మాట. తెలియుటయే నేడు లేదు.

పంచాయతీ చేయదగినది ఇక్కడనే యున్నది. పంచాయతీ కార్యాలయమున పెట్టెలున్న ఇండ్ల పట్టిక ఒకటి ఉంచవలెను. ఏ పొలమున ఎప్పుడు చల్లుదురో ముందునాటి సాయంకాలమునకే రైతు తెలుపవలెనని గ్రామసభలో తీర్మానించుకొనవచ్చును. ఇందులకు ఖర్చులేదు, చాటింపువలెనే సెల్‌ఫోను సందేశము చాలును. కౌలురైతులను, కూలికి చల్లువారిని ఈ తీర్మానములో తప్పక చేర్చుకొనవలెను. చల్లు చేయి వారిది. వారికి తెలియనిదే తీర్మానము కాగితముమీదనే యుండును. మందు కలిపిన డబ్బాలను చెరువులో, కాలువలో కడుగుటను మాన్పించుట తేనెటీగలకే కాదు, పశువులకును మేలు.

నీటి ట్యాంకులకు కొండతేనెటీగ పట్టు పెట్టినప్పుడు కాగడాలతో కాల్పించుట పలుచోట్ల జరుగుచున్నది. అది ఈగలకును ఆపద, ఊరికిని ఆపద. కాలిన పట్టునుండి చెదరిన ఈగలు దారిన పోవువారిని కుట్టును. కొండతేనెటీగ వలసజాతి; కొన్ని మాసములకు తానే లేచిపోవును. జనసంచారము తక్కువగానున్న చోట అంతవరకు ముళ్లకంప వేసి దారి మళ్లించుట చాలును. బడికో, ఆసుపత్రికో ఆనుకొని యున్నచో అనుభవము కలవారిచేత రాత్రివేళ తీయింపవలెను.

బాటలప్రక్కన, పంచాయతీ బంజరులలో మొక్కలు నాటించునప్పుడు నీడనే కాక పూతనుగూడ చూడుడు. కానుగ, వేప, నేరేడు, కుంకుడు, చింత - వీనిలో ఒకటి మానినప్పుడు మరియొకటి పూచును. మునగ ఏడాదిలో ఒకటికంటె ఎక్కువసార్లు పూచును. గట్టుమీది రేగును, తుమ్మను పొలము శుభ్రము పేరిట మొదలంట నరికించువారు, వానాకాలపు కరవులో ఈగకు మిగిలిన మేత అదియేనని తెలిసికొనవలెను.

శిక్షణ కావలసినవారు రైతు సేవా కేంద్రములో తమ పేర్లు ఇచ్చినచో, ఉద్యానశాఖవారికిని, ఖాదీ గ్రామోద్యోగ సంఘమువారికిని తెలియజేయుదురు. పెట్టెలకు లభించు రాయితీ ఎంత, ఏ పథకము క్రింద అను సంగతి ఏటేట మారుచుండును గనుక, డబ్బు కట్టుటకు ముందు ఆ ఏటి ఉత్తర్వును చూపుమని అడుగుడు. రాయితీ కొరకే పెట్టె తీసికొనువారు మొదటి వేసవిలోనే దానిని అటుకమీదికి ఎక్కింతురు. అట్టివారి పేర్లు వ్రాయించకుడు. ఊరిలో ముందుగా ఇద్దరో ముగ్గురో, తలకు రెండు పెట్టెలతో, వచ్చు చలికాలమున మొదలుపెట్టినచో చాలును. వారి పెట్టెలు వేసవిని, ఆ తరువాతి మిరపపూతను దాటి నిలిచినచో తక్కినవారు అడుగకయే వత్తురు.